చెయ్యి వెయ్యక ముందు

చొక్కా అప్పుడే విప్పకు. ముందా బల్ల మీద కూర్చో.
రావులపాలెం అరటి మార్కెట్టు వెనక
నా కొట్టుకి బోర్డు లేదు,
ఆముదం వాసనే బోర్డు.
వచ్చినోడల్లా తిన్నగా బోర్లా పడుకుంటాడు,
ఒళ్ళప్పగించడం అంత తేలికనుకుంటాడు.

జ్వరం ఉందా? నిన్న రాత్రి? అబద్ధం చెప్పకు,
అరచెయ్యి పెడితే తెలిసిపోద్ది.
బీపీ బిళ్ళ మింగావా? షుగరుందా?
అరికాలు కింద గులకరాయి తెలుస్తుందా నీకు?
తెలియని కాలికి నేను వేడినూనె పొయ్యను.
మందు తాగొచ్చుంటే రేపు రా.
ఎముకలో రాడ్డులున్నాయా, పాత దెబ్బలున్నాయా?
ఆ చంక కింద గోకుతున్నావే, తామరైతే ఇప్పుడే చెప్పు,
నీ తర్వాత ఈ బల్ల మీద ఇంకొకడు పడుకోవాలి.
మోచేతి మడతలో చుక్క నూనె రాస్తాను,
చుట్ట కాల్చినంత సేపు ఆగు.
ఎర్రగా పొంగితే డబ్బులొద్దు, సబ్బుతో కడుక్కుని పో.
నన్నూ అడుగు మరి. నా గోళ్ళు చూడు,
తువ్వాలు ఎప్పుడు ఉడకబెట్టానో అడుగు.
ఎక్కడ చెయ్యి వెయ్యొద్దో చెప్పు.
ఆపమంటే ఆపుతాను, ఎందుకని అడగను.
అదొక్కటే నేనడగనిది.

నవ్వుతారు.
"ఒళ్ళు పట్టించుకోడానికొస్తే
ఈ ఎంక్వయిరీ ఏటి, పోసిబాబూ?"

మా మేనమామ ఏమీ అడిగేవాడు కాదు.
ఆయన చెయ్యంటే ముక్తేశ్వరం రేవు దాకా పేరు.
కొబ్బరిచెట్టు మీంచి జారినోణ్ణి
తలుపుచెక్క మీద మోసుకొచ్చారు, నడుం పట్టేసిందని.
నేను కాళ్ళు పట్టుకున్నాను. పన్నెండేళ్ళు నాకు.
మామ మోకాలు ఆన్చి ఒత్తాడు.
టిక్కుమంది. చిన్న చప్పుడు,
లేత బెండకాయ తుంచినట్టు.
నా చేతుల్లో ఉన్న కాళ్ళు
ఉన్నట్టుండి బరువెక్కాయి.
ఆ బరువు ఇంకా దింపుకోలేదు నేను.

మొన్న వరదల్లో ఏసురత్నం వచ్చాడు.
అరటి లోడుతో కటక్ పోయి
రెండు రోజులు సీటు దిగకుండా తిరిగొచ్చిన మనిషి.
"ఎడం పిక్క పట్టేసింది బాబాయ్,
గట్టిగా రెండు గుద్దులు గుద్దు."
చూశాను. కుడిది పిక్కలాగే ఉంది.
ఎడమది సొరకాయలా ఊరి, నున్నగా మెరుస్తోంది,
ముట్టకుండానే సెగ తగుల్తోంది.
కాలవలో గుర్రపుడెక్క చూశావా,
తూము దగ్గర ఎలా గడ్డకట్టి కూర్చుంటుందో?
గెడతో పొడిస్తే కదుల్తుంది నిజమే,
కదిలి కింద ఏ తూముకి అడ్డం పడుద్దో ఎవడు చెప్తాడు.

చేతులు వెనక్కి కట్టుకున్నాను.
బతిమాలాడు. తిట్టాడు.
ఐదొందల నోటు నూనెగిన్నె కింద పెట్టి
"చేతగాకపోతే కొట్టు మూసెయ్" అన్నాడు.
ఆ నోటే తీసి ఆటోవాడికిచ్చాను:
పెద్దాసుపత్రికి. కాలు చాపి కూర్చోబెట్టు.
దార్లో ఎవర్నీ నొక్కనివ్వకు, వాణ్ణి కూడా.

వరి ఈనే రోజుల్లో తిరిగొచ్చాడు, సన్నబడి.
అడక్కముందే జేబులోంచి చీటీ తీశాడు.
నెత్తురు పల్చన చేసే బిళ్ళలు, ఇంకా రెండు నెలలు.
ఒళ్ళు పట్టించుకోవచ్చా అని డాక్టర్ని అడిగావా అంటే
తల గోక్కున్నాడు.
పోనీ భుజాలైనా, అన్నాడు.
భుజాలూ వద్దు. అడిగిరా.

ఈ లంకల్లో ఎవడెదురైనా అడిగే మాటొకటుంది, తిన్నావా అని.
నా కొట్లో అదీ పరీక్షే,
తిన్నానంటే గంటన్నా ఆగాలి.
అలవాటు కొద్దీ అడిగాను.
లేదన్నాడు.

నూనెగిన్నెకి మూత పెట్టి
క్యారేజీ విప్పాను. వంకాయ, ఎండురొయ్యలు.
వాడు ముద్ద కలిపి, నోటి దాకా తెచ్చి, ఆగి,
"ఇందులో ఉప్పెంతేశావు బాబాయ్?" అని
నన్నడిగాడు.